పీకని ప్లగ్గు

మధ్యాహ్నం మబ్బు కమ్మగానే ధర్మ ఇంట్లోకి పరుగెత్తాడు.

కొండ మీద అది పిడుగుల కాలం. ఉరుము వినిపిస్తే చాలు, ఊరంతా "అర్జునా, ఫల్గుణా" అని జపం మొదలుపెడుతుంది. ధర్మకు జపాలు లేవు. ఇల్లంతా తిరిగి ప్లగ్గులు పీకుతాడు. అందుకే ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఒక్క వస్తువూ మాడలేదు.

పైగా ఆ జపమంటేనే అతనికి ఒళ్లుమంట. సర్వీసు బండి నడిపే పక్కింటివాడి పేరు ఫల్గుణ. ఆఖరికి ఆకాశం ఉరిమినా ఊరు వాడి పేరే పిలవాలా?

ఈ కుళ్లంతా చెవి మిషను వచ్చాక మొదలైంది. ధర్మ పెళ్లాం రత్నాలుకు చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. మాట మిగిలింది. మొగుడూ పెళ్లాల కబుర్లన్నీ చేతులతోనే. పొయ్యి దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే అన్నం మాడేది గాని కబుర్లు తరిగేవి కావు. ఊళ్లో ఇంకెవరికీ ఆ చేతుల భాష రాదు. రత్నాలు మొత్తంగా అతనిదే.

చింతపల్లి క్యాంపులో మిషను ఇచ్చారు. అంతే. రత్నాలు కోడి కూతకు నవ్వింది, వానకు నవ్వింది, అన్నిటికన్నా ఎక్కువగా ఫల్గుణ మాటలకు నవ్వింది. వాడసలే వాగుడుకాయ. పాత జీపు అమ్మేసి కొత్త బండి కొన్నాడేమో, సంతరోజు ముందు సీటు ఆమెకే. ఘాట్ రోడ్డు పొడుగునా కబుర్లే. ధర్మ వెనక మిరియాల మూటల మధ్య కూర్చుని ఉడికిపోయేవాడు.

"ఏటన్నా అలా సూత్తన్నావు? వదిన్ని ఎత్తుకుపోతానేటి?" అనేవాడు ఫల్గుణ అద్దంలోంచి చూసి.

రత్నాలు పకపకా నవ్వేది.

ఇంట్లోనూ అదే తంతు. ఆమె అటు తిరిగి వండుకుంటూనే గోడ అవతలున్న ఫల్గుణతో మాట్లాడేది. ధర్మ పాత పద్ధతిలో చేతులు ఊపుతూ కూర్చునేవాడు. ఆమె చూస్తేగా!

ఆ మధ్యాహ్నం టీవీ ప్లగ్గు పీకాడు. ఫ్యానుది పీకాడు. మిక్సీది పీకాడు. గూట్లో చెవి మిషను చార్జింగులో ఉంది. దాని పచ్చ దీపం వెలుగుతోంది.

చెయ్యి చాపాడు.

కిటికీలోంచి పెరడు కనిపించింది. రత్నాలు ఆరబెట్టిన మిరియాలు ఎత్తుతోంది. ఫల్గుణ గోనె పట్టుకుని సాయం చేస్తూ ఏదో అంటున్నాడు. చెవికి మిషను లేకపోయినా, ఆమె వాడి పెదాల వంక చూసి నవ్వుతోంది.

ధర్మ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి ఫల్గుణ బండి పక్కనున్న సిల్వర్ ఓక్ మీద పిడుగు పడింది. చెట్టు నిలువునా చీలింది. ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది.

వాన వెలిశాక లైన్‌మన్ వరహాలరావు ఇల్లిల్లూ తిరిగి చూశాడు. టీవీలు పోయాయి. చార్జింగులో ఉన్న ఫోన్లన్నీ పోయాయి. ఫల్గుణ తాళం ఎంత తిప్పినా కొత్త బండి కిక్కురుమనలేదు.

"పిడుగు బండి మీద పడనేదు కదా!" అన్నాడు ఫల్గుణ ఏడుపు మొహంతో.

"మీదే పడాలేటి? పక్కన పడితే సాలు. ఆ దెబ్బకి తీగలున్న కాడికల్లా కరెంటు పొంగుద్ది. నీ బండి నిండా తీగలే, దాని బుర్ర కంప్యూటరు. మాడిపోనాది. నీ పాత జీపైతే ఈపాటికి సింతపల్లిలో ఉండును." వరహాలరావు ధర్మ ఇంటి వైపు చెయ్యి చూపించాడు. "ఆడ్ని సూసి నేర్సుకోండర్రా. ఉరిమీసరికి అన్నీ పీకీసినాడు."

ఇంట్లో రత్నాలు మిషను చెవికి పెట్టుకుంది. తీసింది. దులిపి మళ్లీ పెట్టుకుంది. పచ్చ దీపం వెలగలేదు.

"ఏటీ ఇనపడతా నేదు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నీ పీకినావు. ఇదెందుకు పీకనేదు?"

ధర్మ తల దించుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందే ఎక్కడో సంతోషం కూడా వేసింది.

"ఏటైంది వదినా?" అని వాకిట్లోంచి ఫల్గుణ గొంతు చించుకుంటున్నాడు. రత్నాలు అటు తిరగలేదు. ఎన్నాళ్లకో వచ్చి పొయ్యి దగ్గర ధర్మకు ఎదురుగా కూర్చుంది.

ధర్మ చేతులు మెల్లగా లేచాయి. మరిచిపోయానన్నాడు.

గొంతున్న వాళ్లందర్నీ వదిలేసి, పుట్టుమూగ మొగుడు చేతులతో చెబుతున్న మొట్టమొదటి అబద్ధాన్ని ఆమె కళ్లప్పగించి వింటోంది.