డెల్రాయ్ మోకాలు

భువనకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తనకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఏదో ఒక మాట ఎక్కడో తప్పిపోయి, మూడేళ్ల కూతురు హారిక జన్మంతా కుంటుతుందేమోనని.

ఎనిమిదో తరగతితో ఆగిన చదువు. సింగపూర్‌లో డాక్టరు ఏం చెప్పినా భర్త కౌశిక్ నోటి నుంచి వినాల్సిందే. డాక్టరు చెప్పింది ఇదీ: పాప ఎడమ పాదం లోపలికి తిరగకుండా పట్టీల బూటులాంటి బ్రేసు తొడుగుతూనే ఉండాలి. పాతది ఇరుకైపోయింది. కొత్తది రాగానే వేయాలి. మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది.

ఆ కొత్త బ్రేసు ఇప్పుడు కౌశిక్ ఆఫీసు బ్యాగులో ఉంది. బ్యాగు కౌశిక్ కాళ్ల దగ్గర ఉంది. కౌశిక్ మనసు మాత్రం అమెరికాలో ఉంది.

"డెల్రాయ్‌ని మొదటి రౌండులోనే తీసుకుంటారు, రాసిపెట్టుకో," అన్నాడు కౌశిక్.

"అరే భాయ్, మోకాలు పోయినోణ్ణి ఎవడు తీస్కుంటడు?" అన్నాడు బషీర్.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. వై టూ కే హడావుడి ముగిశాక పుట్టిన డాట్‌కామ్ కంపెనీ. అమెరికా ఫుట్‌బాల్ మీద ఒక వెబ్‌సైటు నడుపుతుంది. అక్కడ ఏటా పెద్ద జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఏరుకుంటాయి. ఈసారి ఎంపిక ఈ రాత్రికే. డెల్రాయ్ అనే కుర్రాడు బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే రకం. వాణ్ణి ఎవరు తీసుకుంటారోనని, ఆ ఆట ఒక్కసారైనా నేరుగా చూడని ఇద్దరు మగవాళ్లు బుకిట్ పంజాంగ్‌లోని కౌశిక్ ఫ్లాట్లో భోజనాలైనప్పటి నుంచీ గొంతులు చించుకుంటున్నారు.

"ఏవండీ, ఆ బ్యాగులో డబ్బా ఇస్తే పాపకి వేసి చూస్తాను."

"ఒక్క నిమిషం."

"ఉరికేటోనికి మోకాలే గద ఆస్తి," బషీర్ వదల్లేదు. "ఎడమ మోకాలు కోసి కుట్టిన్రు. ఇగ ఏం ఉరుకుతడు?"

కౌశిక్ కుర్చీలోంచి లేచాడు. "ఎడమా? ఎవడు చెప్పాడ్రా నీకు ఎడమని? కుడి. వానలో ఆడుతుంటే ఇద్దరొచ్చి మీద పడ్డారు. విరిగింది కుడిది, కోసింది కుడిది. నన్ను నిద్రలో లేపి అడుగు, కుడి అనే చెబుతా."

"సరే, కుడిదే. అయితే ఏంది?"

"ఇప్పుడు ఆ కాలు ఊనేటప్పుడు మడమ కొంచెం బయటికి పెడుతున్నాడు. అదొక్కటీ సర్దుకుంటే వాడికి తిరుగులేదు. వీడియో ఆపి ఆపి చూశాను."

హారిక మడమ ఎలా ఊనుతుందో ఈయన ఎన్నడైనా చూశాడా అనుకుంది భువన.

"వాళ్లకు ఆటగాడంటే మనలాంటోడే భాయ్. మూడేండ్లు ఉరికిస్తరు. కాలు పోతే ఇంకోణ్ణి తెస్తరు," అని బషీర్ ఆమె వైపు తిరిగాడు. "భాభీ, పాప బ్రేస్ వచ్చిందా?"

"వచ్చిందంట అన్నయ్యా. ఆ డెల్రాయ్‌కి ఓ దారి దొరికితే గానీ బ్యాగులోంచి బయటికి రాదు."

"వెటకారం ఒకటి," అన్నాడు కౌశిక్. "నిన్న తంజోంగ్ పగార్ దాకా వెళ్లి మోసుకొచ్చింది ఎవరు? ఆ షాపువాడికి ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చింది ఎవరు? నువ్వు మాట్లాడావా వాడితో?"

భువన తల వంచుకుంది. "మీరే. నేను చెప్పిన కొలత చెప్పారు కదా?"

"సెంటీమీటరు తేడా లేకుండా చెప్పాను. ఇదేమైనా కూరగాయలా, బాగోలేదని మార్చుకోడానికి? జర్మనీలో చేయించి తెప్పిస్తారు. మళ్లీ కావాలంటే నెలన్నర."

"ఆ ఆర్డరు ఫోన్ చేసిన దినం గూడ ఇదే లొల్లి భాభీ," బషీర్ నవ్వాడు. "నేను డెల్రాయ్ గురించి ఏదో అన్న. షాపాయన లైన్ల ఉండంగనే, ఫోను చేత్తో మూసి నన్ను తిట్టిండు."

"తిట్టనా మరి? అప్పుడూ ఎడమనే అన్నావు."

భువన ఇక అడగలేదు. వంగి బ్యాగు తనే తీసుకుని గదిలోకి వెళ్లింది.

హారిక చాప మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. డబ్బా చూసి మొహం విప్పారింది. "న్యూ షూ ఆ, అమ్మా?"

"అవునమ్మా. నీదే."

పట్టీలు విప్పి ఎడమ పాదానికి తొడగబోయింది. వెళ్లలేదు. మడమ దగ్గర కాస్త నొక్కింది.

"పెయిన్ లా, అమ్మా," అంది పాప సింగపూర్ యాసలో.

మళ్లీ ప్రయత్నించింది. బ్రేసు వంపు ఒక వైపు, పాదం వంపు ఒక వైపు. ఇంకాస్త నొక్కితే పాప ఏడ్చింది. భువన ఆగిపోయింది. బ్రేసును అటూ ఇటూ తిప్పి చూసింది. పాప రెండో కాలు, ఏ బ్రేసూ అక్కర్లేని చక్కటి కాలు, ఒళ్లోకి తీసుకుని దానికి తొడిగింది. మెత్తగా జారి కూర్చుంది.

"ఏమే, సరిపోయిందా?" హాల్లోంచి కౌశిక్ కేకేశాడు.

"సరిపోయిందండీ," అంది భువన. "అతికినట్టుంది. కుడికాలికి."

"విన్నావట్రా బషీరూ?" కౌశిక్ బల్ల చరిచాడు. "మా ఆవిడక్కూడా తెలుసు, కుడికాలని."

మీలో ఎవరైనా బుకిట్ పంజాంగ్ వైపు వెళ్తే, హారిక ఎలా నడుస్తోందో ఒకసారి చూసి రండి. ఏ కాలు అని మాత్రం వాళ్ల నాన్నని అడక్కండి.