పల్చటి పూత

"మళ్ళీ డెబ్బై ఎనిమిదే సార్," అంది జ్యోతిర్మయి. నోటుబుక్కుని బల్ల మీద విసిరినట్టే పెట్టింది.

గైడు రమణమూర్తిగారు తలెత్తలేదు. "పాలీస్టైరీన్ ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది?"

"వంద."

"మందంగా పూసినప్పుడు నీకెంత వచ్చింది?"

"వందే వచ్చింది. ఎన్నిసార్లు చూసినా వందే. పల్చగా పూస్తేనే పడిపోతోంది సార్."

"అంటే పల్చటి పూతలో ద్రావకం మిగిలిపోయింది. తడి ఉంటే ప్లాస్టిక్ ముందే మెత్తబడుతుంది. ఇంకా ఆరబెట్టు. మందాన్ని బట్టి ఉష్ణోగ్రత మారుతుందని రాస్తే నలుగురూ నన్ను చూసి నవ్వుతారు."

ఈ మాట వినడం అయిదోసారి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదు. అలాగని ఊరుకోవడానికీ లేదు. తొంభై నాలుగు జనవరి అది. మార్చి ఆఖరుకి ఫెలోషిప్ అయిపోతుంది. ఆయన సంతకం పడకపోతే నాలుగేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆమె పూసేది పదిహేను నానోమీటర్ల పొర. తలవెంట్రుక మందంలో నాలుగువేలో వంతు. అంత సన్నటి చోట ఇరుక్కున్న అణువుల తీరే వేరేమో, అందుకే అవి ముందే కదులుతున్నాయేమో అని ఆమె అనుమానం. అనుమానమేమిటి, నమ్మకమే. కానీ గైడుగారి పుస్తకంలో వంద అని అచ్చయి ఉంది.

యూనివర్సిటీలో కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. రైల్వే కాలనీలో అంత సులువుగా పోదు. అందుకని సిలికాన్ పలకల మీద పూత ల్యాబులో వేసినా, ఆరబెట్టడం మాత్రం క్వార్టర్లోనే. రేకు పెట్టెలో బల్బులు బిగించి ఆరబెట్టే డబ్బా చేసిచ్చింది తండ్రి సూర్యం. ఆయన కుర్రతనంలోనే ఈ హిందీ ఊరికి వలసొచ్చి వ్యాగన్ డిపోలో పెయింటరయ్యాడు. బొగ్గు వ్యాగన్ల మీద నంబర్లు రాస్తాడు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కూతురి మొహం చూసి సైకిలు స్టాండు కూడా వెయ్యలేదు.

"ఏటయినాదమ్మీ?"

"ఆరలేదంటారు నాన్నా. అయిదు పలకలు చేశాను. ఒక్కటీ వంద దాకా రాలేదు. బస్, ఇంక నా వల్ల కాదు."

సూర్యం పలకని కిటికీ వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇందులో పూతేదే?"

"ఉంది. కంటికి కనబడదంతే."

"అచ్ఛా. మరి మీ సారుకి కనబడతాదేటి?"

ఏడవబోయి నవ్వేసింది.

మర్నాడు ఆరో పలక పూసింది. ఎప్పటిలాగే మందం కొలిచి, చిన్న డబ్బీలో పెట్టి, దాని మూత మీద పదిహేను అని రాసి ఇంటికి తెచ్చింది. ల్యాబులో ఉంచితే ఎవరో ఒకరు వాడేస్తారని మిగిలిన ద్రావణం సీసా కూడా తెచ్చేసింది. ఈసారి మూడు వారాలు ఆరబెట్టమన్నారు సారు. ఆ మూడు వారాలూ ఆమె డబ్బా వైపు చూడలేదు. చూస్తే ఒళ్ళు మండుతోంది. మాడిన బల్బులు మార్చడం, వేడి తగ్గకుండా చూడటం అంతా సూర్యమే చూసుకున్నాడు. ఇంట్లో థిన్నర్ వాసన వేస్తే వేసింది. పెయింటరు కొంపలో అదేం వింత కాదు.

మూడు వారాలకి పలక తీస్తే కొత్తగా నిగనిగలాడుతోంది. ఇన్నాళ్ళకి ఆరింది కాబోలు అనుకుంది.

వేడి చెయ్యడం మొదలుపెట్టింది. డెబ్బై ఎనిమిది దాటింది, పొర కదల్లేదు. తొంభై దాటింది. సరిగ్గా వంద దగ్గర మెత్తబడింది. చల్లార్చి మళ్ళీ చేసింది. వందే.

ఆమెకి సంతోషం కలగలేదు. ఇన్నాళ్ళూ తడిని పట్టుకుని కొత్త సంగతి అనుకున్నానా అని సిగ్గేసింది.

"చూశావా, నే చెప్పలే?" అన్నారు రమణమూర్తిగారు. అయిదు పలకల అంకెలూ ఆమె చేతే కొట్టేయించారు. ఆరోది ఉంచారు. పూత ఎంత పల్చనైనా మెత్తబడే ఉష్ణోగ్రత మారదని ఆమె పేరు మీద థీసిస్ వెళ్ళింది. మార్చిలోనే సంతకమూ పడింది. సూర్యం ఆ సాయంత్రమే తెలిపారా బజారు దాకా సైకిలు తొక్కి జిలేబీలు తెచ్చి క్వార్టర్ల లైనులో అందరికీ పంచాడు. కూతురి కంటే ఆయనకే ఆనందం ఎక్కువ.

దసరా సెలవులయ్యాక లైబ్రరీకి ఒక విదేశీ పత్రిక వచ్చింది. పాలీస్టైరీన్ పూత బాగా పల్చబడితే వందకి చాలా కిందే మెత్తబడుతుందని ఎవరో కనిపెట్టారట. గ్రాఫులో పదిహేను దగ్గర వేలు పెట్టి పైకి చూసింది. డెబ్బై ఎనిమిదికి కాస్త అటూ ఇటూ.

ఆ పేజీ జిరాక్సు తీయించుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

"ఏటి రాసినారందులో?" అన్నాడు సూర్యం.

"నేను ముందే చూసిందే రాశారు నాన్నా. నా అయిదు పలకలూ సరైనవే. తప్పు ఆరోదే. దాన్ని నమ్మి వాటిని నా చేత్తో నేనే కొట్టేశాను. అది వంద ఎలా చూపించిందో సచ్, నాకిప్పటికీ అర్థం కావడం లేదు."

సూర్యం గోళ్ళలో ఇరుక్కున్న తెల్లరంగుని గీకుతూ కూర్చున్నాడు.

"కంటికానకండా ఒక్క పూతే పూసి ఒగ్గేసినావని, నీ సీసాలోదే తీసి, పైన ఇంకో మూడు కోటింగులు నానే ఏసినానమ్మీ," అన్నాడు.