బిస్కెట్ల డబ్బాలో నాలుగు నిమిషాలు

హిల్మీ మూడోసారి కుర్చీలోంచి లేచి, మూడోసారి కూర్చున్నాడు. ఒళ్లో పండగ బిస్కెట్ల డబ్బా.

"ఇవాళైనా ఇచ్చేసి రండి," అంది భార్య దౌలత్, బెండకాయలు తరుగుతూ. "నలభై ఏళ్లుగా పండగ బిస్కెట్లు పళ్లెంలో పెట్టి చీమలకు సమర్పిస్తున్నాను."

ఆ డబ్బాలో బిస్కెట్లు లేవు. నాలుగు నిమిషాల ఫిల్మ్ చుట్ట ఉంది.

హిల్మీ కైరో సెన్సారు ఆఫీసులో రిటైరయ్యాడు. దర్శకుడు రవూఫ్ వహ్దాన్ తీసిన పదకొండు సినిమాల్లో తొమ్మిదింటి మీద పడింది హిల్మీ కత్తెరే. ఐదో సినిమాలో ఒక డాన్సుంది. డాబా మీద, తడిబట్టల మధ్య, కొత్త పెళ్లికూతురు ఆడుతుంది. తీసేయమన్నాడు హిల్మీ.

రవూఫ్ మూడు రోజులు ఆఫీసు వదల్లేదు. వాదించాడు, బతిమాలాడు. ఆఖరికి బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు.

"నా చెయ్యి కత్తిరించండి. అది మాత్రం వద్దు."

హిల్మీ డాన్సే కత్తిరించాడు. పగిలిపోతున్న తలతో మిగతా రీళ్లు గబగబా చూసి ముద్ర కొట్టేశాడు. ఆ ముక్కను చెత్తలో వేయడానికి మాత్రం చేతులు రాలేదు.

సినిమా దేశదేశాలు తిరిగింది. అందులో రొట్టెల క్యూ సీను గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చూసి మండిపడ్డ మంత్రిగారు, దాన్ని వదిలేసినందుకు హిల్మీని ఎండలకు పేరుపడ్డ అస్వాన్‌కు బదిలీ చేయించారు. రెండేళ్లకు కైరోకు తిరిగొచ్చేసరికి ఎండ అలవాటైపోయింది. ఆ ఏడుపే చెవుల్లోంచి పోలేదు.

వచ్చే వారం రవూఫ్‌కు సన్మానం. ఆ సినిమాయే వేస్తారట.

హిల్మీ బయల్దేరాడు. రవూఫ్ ఇంటి కింద కాఫీ హోటల్లో రెండు టీలు తాగాడు. సగం మెట్లెక్కి దిగొచ్చి మూడోది తాగాడు. మళ్లీ ఎక్కాడు.

తలుపు రవూఫే తీశాడు. ఎనభై రెండేళ్లు, చేతిలో కర్ర.

"ఉస్తాద్ హిల్మీ, మీరా. రండి, రండి. ఇల్లంతా వెతుక్కోండి, కత్తిరించేంత సినిమా ఏదీ మిగల్లేదు."

హిల్మీ కూర్చోలేదు. డబ్బా మూత తీశాడు. పులిసిన వాసన గుప్పుమంది.

"మీ డాన్సు. దాచాను. సన్మానం రోజు అతికించి వేయండి. ఆ తర్వాత నన్ను క్షమిస్తారో, మెట్ల మీంచి తోసేస్తారో మీ ఇష్టం."

రవూఫ్ ఆ ఫిల్మ్‌ను కిటికీ వెలుగులో పట్టి చాలాసేపు చూశాడు. భుజాలు వణకసాగాయి. హిల్మీ గాభరాగా జేబురుమాలు తీశాడు.

రవూఫ్ నవ్వుతున్నాడు.

"అతికించడమెందుకు ఉస్తాద్," అన్నాడు, ఆ రుమాలుతోనే కళ్లు తుడుచుకుంటూ, "రొట్టెల క్యూ మీ కంట పడకూడదనే కదా, ఇది తీసి, మూడు రోజులు మీ ముందు ఏడ్చింది."