హోలుబ్ అంటే పావురం

ఆ పిల్లకు తలుపు తీసింది సంజీవమ్మే. తన కడుపుమంటకు తనే తలుపు తీసినట్టయింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన మూడో రోజు. సబా అల్ సలేం పేటలో సగం ఇళ్ళకు తాళాలు. వాకిట్లో చేతిసంచితో ఒక తెలుగు పిల్ల నిలబడి ఉంది.

“అక్కా, మా కఫీల్ వాళ్ళు, అదే నన్ను పనిలో పెట్టుకున్నోళ్ళు, నన్నొదిలేసి సౌదీ ఎల్లిపోయారండి. ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, నా ఇఖామా, ఆళ్ళ దగ్గరే ఉండిపోయింది. నా పేరు కేథరిన్. మాది నర్సాపురం దగ్గరండి.”

“యాడ దొరికినావమ్మే నాకు! సరే, లోపలికి రా.”

జాలిపడి రానిచ్చింది. వారం తిరక్కుండానే నాలిక కరుచుకుంది.

ఆ ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, తనంటే ప్రాణమని సంజీవమ్మ నమ్మకం. మామా చెకోస్లొవేకియా మనిషి. కువైటీ పోలీసు ఆఫీసరును పెళ్ళాడి వచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఆమెకు వండిపెట్టింది, తలకు నూనె రాసింది సంజీవమ్మే. ఇద్దరికీ వచ్చింది వచ్చీరాని అరబ్బీ. అయినా మామా ‘సంజూ’ అని పిలిస్తే, కడప జిల్లాలో వదిలొచ్చిన ముగ్గురు పిల్లల బెంగ కాస్త తగ్గేది.

ఇప్పుడు ఆ పిలుపు తగ్గిపోయింది.

పోలీసులను ఇరాకీలు పట్టుకుపోతున్నారని తన మొగుడు, బాబా, సౌదీకి పారిపోయాడని మామా చెప్పింది. ఆ దిగుల్లో ఉందేమో అనుకుంటే, కేథరిన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని పిట్టల బొమ్మల పుస్తకం చదివిస్తోంది! ఆ పిల్లకు బడిలో నేర్చిన ఇంగ్లీషు ఉందట. బొమ్మ కింద ఇంగ్లీషు పేరు, దాని కింద చెక్ పేరు.

“ఔల్,” అనేది కేథరిన్.

“సోవా,” అనేది మామా, గుడ్లగూబ బొమ్మ మీద వేలు పెట్టి.

“పిజన్.”

“హోలుబ్.”

సంజీవమ్మ టీ పట్టుకెళ్తే పుస్తకం టప్పున మూసేసేవాళ్ళు.

“ఏందమ్మే ఆ చదువు? పొద్దున్నే గుడ్లగూబను తల్చుకుంటారా ఎవురైనా?”

“ఏం లేదక్కా. ఊరికే, కాలక్షేపానికండి.”

ఊరికేనట! ఊరు తగలబడుతుంటే కాలక్షేపమట!

పైగా ఆ పిల్ల తిండి చూడాలి. ఇద్దరికి సరిపోయే అన్నం పళ్ళెంలో పెట్టుకుని మిద్దె పైకి వెళ్ళేది. బట్టలు ఆరేసే వంకతో పగలంతా అక్కడే. మామా ఒక్క మాట అనదు. నిన్నగాక మొన్న వచ్చినదానికి చదువు, ఎనిమిదేళ్ళ మనిషికి అంట్లు. సంజీవమ్మకు ఒళ్ళు మండిపోయేది.

సరే, పిట్టల పేర్లే కదా, తనకు రావా? తలుపు చాటున విని నేర్చుకుంది. గుడ్లగూబ అపశకునమని వదిలేసి పావురాన్ని పట్టుకుంది. బియ్యం కడుగుతూ హోలుబ్, గిన్నెలు తోముతూ హోలుబ్. సమయం చూసి మామా దగ్గర అనాలి. మామా మొహం విప్పారాలి. కేథరిన్ మొహం మాడిపోవాలి.

ఒక మధ్యాహ్నం ఆ సమయం రానే వచ్చింది.

మిద్దె మీద నుంచి “సోవా! సోవా!” అని కేథరిన్ కేక వినిపించింది. పట్టపగలు కూడా గుడ్లగూబేనా అని సంజీవమ్మ విసుక్కునేలోగా, గేటు తోసుకుని ఐదుగురు సైనికులు వచ్చారు. బాబా ఎక్కడ అని అడిగారు. గదులన్నీ వెతికారు. మంచాలు ఎత్తి చూశారు.

“ఖలాస్,” అన్నాడు వాళ్ళ అధికారి. వెళ్ళబోతూ వాకిట్లో ఆగి మంచినీళ్ళు అడిగాడు.

మామా మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడే పిట్టగోడ మీద ఒక పావురం వాలింది.

పాపం, మామా కాస్త నవ్వుతుంది అనుకుంది సంజీవమ్మ. మిద్దె మీదున్న కేథరిన్ కూడా వినాలని గొంతెత్తి మరీ అంది.

“మామా! హోలుబ్! హోలుబ్!”

మామా నవ్వలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. మిద్దె మీద పాత నీళ్ళ ట్యాంకు మూత ధడేలుమంది.

“పైన ఎవరు?” అధికారి తుపాకి ఎత్తాడు.

“నేనే! నేనే!” అంటూ కేథరిన్ మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చింది. “నాకు ఇఖామా లేదు. పట్టుకుంటారని ట్యాంకులో దాక్కున్నాను,” అంది అరబ్బీలో.

“యల్లా, పద,” అన్నాడు అధికారి.

ఆమెను జీపు ఎక్కించారు. ఎక్కుతూ కేథరిన్ సంజీవమ్మ వంక చూసి, ఏమీ మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పాలంటే, గేటు మూస్తున్నప్పుడు సంజీవమ్మకు లోపలెక్కడో హాయిగానే ఉంది.

వెనక్కి తిరిగితే మెట్ల మీద బాబా! సౌదీలో ఉండాల్సిన మనిషి, గడ్డం పెరిగి, తుప్పు అంటిన బట్టలతో నిలబడి ఉన్నాడు.

పళ్ళెంలో రెండో మనిషి అన్నం ఎవరిదో సంజీవమ్మకు అప్పుడు తెలిసింది.

మామా మెట్ల దగ్గరే కూలబడింది. “సోవా అంటే సైనికులు వచ్చారు, దాక్కో అని. హోలుబ్ అంటే వెళ్ళిపోయారు, బయటికి రా అని. అరబ్బీ, ఇంగ్లీషు వాళ్ళకు అర్థమవుతాయి సంజూ. మా భాష అర్థం కాదు కదా.”

తన కేకే బాబాను బయటికి లాగిందని సంజీవమ్మకు అర్థమైంది. అయినా మంట ఆరలేదు.

“నాకొక్క మాట చెప్పకపోతివే మామా! ఎనిమిదేండ్లు నీ ఇంట్లో ఉంటి గదా. నిన్న వచ్చినదాన్ని నమ్మితివి, నన్ను నమ్మకపోతివా?”

“ముందు నీకే నేర్పుదామని పుస్తకం తీశాను,” అంది మామా. “బట్టలు ఆరేస్తూ బాబాను చూసేసిన కేథరిన్ దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. ‘ఈ మాటలు తెలిసినవాళ్ళనే పట్టుకుపోతారు, అక్కకు ముగ్గురు పిల్లలున్నారు, ఆమెకు ఏమీ తెలియనివ్వకండి’ అంది.”