ఎడమ అద్దం

"చూసే తిప్పాను మేడమ్, అద్దంలో ఎవ్వరూ లేరు!" డ్రైవింగ్ నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చే అమ్మాయి వెక్కివెక్కి ఏడుస్తోంది.

మా కారు ఎడమ వరసలోకి ఒరిగి ఒక బైకును గుద్దింది. బైకాయన్ని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. ఇంకా కళ్లు తెరవలేదు.

"అంత మనిషి కనపడలేదా? కళ్లు నెత్తికెక్కాయా?" అని కసిరాను. పోలీసాయన ఆ అమ్మాయి పేరు రాసుకున్నాడు.

"నేర్పే మేడమ్ మీరేగా? కారు పక్కకు తీయండి," అన్నాడు నాతో.

ఆ అమ్మాయి కూర్చున్న డ్రైవర్ సీట్లో కూర్చుని ఎడమ అద్దంలోకి చూశాను. రోడ్డు లేదు, పక్కనున్న గోడ మాత్రమే ఉంది.

పొద్దున పక్క సీట్లోంచి నాకు కనిపించేలా దాన్ని తిప్పుకున్నది నేనే. రోజూ చేసేదే. తీరా చూడాల్సిన క్షణంలో ఫోన్ చూస్తున్నాను.

అద్దం సరిచేసే మీట మీద నా వేలు ఎంతసేపుందో!

"సార్," అని పిలిచాను. "ఒకసారి మీరొచ్చి ఈ సీట్లో కూర్చోండి."