టీచరమ్మ గుండెదడ

"మీ కుక్కని కాస్త పక్కకి జరపండి టీచరమ్మా, నేను లోపలికెళ్ళాలి," అన్నాడు గంజాయి మందుల కొట్టు యజమాని టామ్లిన్.

ఆ కుక్క పేరు మేజర్. అది జరగలేదు. కొట్టు వెనక సామాన్ల గది తలుపు ముందు బిగుసుకుని కూర్చుంది. ఐవలీన్ టీచరు గొలుసు పట్టి లాగింది. బండరాయిని లాగినట్టే ఉంది.

మాండవిల్ ఊళ్ళో ఆవిడ భయాలు తెలియనివాళ్ళు లేరు. తలమీద పడుతుందేమోనని ఉక్కపోతలో కూడా ఫ్యాను వేసుకోదు. బస్సెక్కితే బ్రేకులు బాగున్నాయా అని డ్రైవర్ని అడుగుతుంది. చర్చిలో తలుపు పక్కనే కూర్చుంటుంది, పైకప్పు కూలితే ముందు బయటపడొచ్చని. రిటైరై ఒంటరిగా ఉండేసరికి ఇవన్నీ ముదిరాయి. ఎయిర్‌పోర్టులో కుక్కలకి తర్ఫీదునిచ్చే మేనల్లుడు డెన్‌వర్, తోడుంటుందని, సర్వీసు అయిపోయిన మేజర్ని తెచ్చి అప్పగించాడు. దాంతో కుక్కకేమవుతుందోనన్న భయం కూడా తోడైంది.

డాక్టర్ లీచిన్ మాత్రలిచ్చి చూశాడు, కూర్చోబెట్టి మాట్లాడించి చూశాడు. చివరికి ఆవిడే అడిగింది, ఊరంతా మెచ్చుకునే గంజాయి తైలం తనకి పడుతుందా అని. ఆయన తల గోక్కున్నాడు. ఆందోళనకి అదే మందని చెప్పేంత రుజువులు లేవన్నాడు. కొందరికి నెమ్మదిస్తుంది, మోతాదు మించితే కొందరికి ఉన్న దడ రెట్టింపవుతుంది అన్నాడు. అయినా కాదనలేక చీటీ రాశాడు. మొదటిసారి కొట్టులోనే కూర్చుని రెండు చుక్కలు వేసుకుని, ఒళ్ళెలా ఉందో చూసుకుని మరీ ఇంటికెళ్ళమన్నాడు.

"భయం వేసినప్పుడల్లా, దీనికి కారణముందా అని మిమ్మల్ని మీరే అడగండి. లేకపోతే వదిలేయండి," అని కూడా చెప్పాడు.

ఇప్పుడు మేజర్ వాలకం చూసి ఆవిడ గొలుసు వదిలేసి ఒకడుగు వెనక్కి వేసింది. "ఏదో జరగబోతోంది నాయనా. ఇదెప్పుడూ ఇలా కూర్చోలేదు."

"ఎయిర్‌పోర్టు కుక్క కదా, సరుకు వాసన తగిలుంటుంది. ఇప్పుడిది నేరం కాదని పాపం దానికెవరూ చెప్పలేదు," అన్నాడు టామ్లిన్. కొట్టులో ఉన్నవాళ్ళంతా పడిపడి నవ్వారు.

"ఇన్ని సీసాలు అలమర్లలో ఉండగా వీటిని వాసనైనా చూడలేదేం?" అంది ఐవలీన్.

"అసలు సరుకంతా లోపలే మరి. మా తమ్ముడి రాళ్ళ క్వారీ పెట్టెలు అడ్డంగా ఉన్నాయి గానీ, లేకపోతే చూపించేవాణ్ణి."

ఆవిడ నాలిక కింద చుక్కలు వేసుకుని, ఇక దడ రెట్టింపవడమే తరువాయి అనుకుంటూ కూర్చుంది. రెట్టింపు కాలేదు. కాసేపటికి భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను ఉత్త ఫ్యానులా కనిపించింది. డాక్టరు చెప్పినట్టే, కారణముందా అని తనని తానే ప్రశ్నించుకుంది. కారణమేమీ దొరకలేదు. కుర్చీని మేజర్ పక్కకి లాక్కుని, సామాన్ల గది తలుపుకి వీపు ఆనించి, సంచిలోని బన్నూ చీజూ తీసి తినసాగింది. అంత నెమ్మదిగా తిండి తిని ఎన్నేళ్ళయిందో.

సంతోషం పట్టలేక డెన్‌వర్‌కి ఫోను చేసింది. ఆవిడ నవ్వు విని అతను నిజంగా అత్తేనా అని అడిగాడు.

"నీ కుక్క ఇంకా డ్యూటీలోనే ఉందిరా. గంజాయి కొట్టుకి తీసుకొస్తే గది తలుపు ముందు కూర్చుని కదలనంటోంది. మునుపైతే ఈపాటికి కేకలు పెట్టి అందర్నీ వీధిలోకి తరిమేదాన్ని."



"అత్తా, ఇప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఆ తలుపుకే ఆనుకుని కూర్చున్నా. హాయిగా ఉంది."

"నెమ్మదిగా లేచి, అందర్నీ తీసుకుని బయటికి నడువు," అన్నాడు డెన్‌వర్ గొంతు తగ్గించి. "మేజర్ గంజాయి కుక్క కాదత్తా, బాంబుల కుక్క."