తోలు కప్పిన పిల్ల

పెద్దారవీడు దాటాక, కొండ కింది చేనులో నరసింహులు ఒక్కడే గొర్రెల మంద దగ్గర పడుకున్నాడు. మంద చుట్టూ ముళ్లకంప. ఆ పొద్దున ఒక గొర్రెకు పిల్ల చచ్చిపోతే, దాని తోలు ఒలిచి తల్లి లేని ఇంకో పిల్లకు కప్పి కట్టాడు. అట్లా కడితే గొర్రె వాసన చూసి, తన పిల్లే అనుకుని పాలు తాగనిస్తుంది.

చీకటి పడ్డాక కంప అవతల ఎవరో దగ్గారు. కుక్క మొరగలేదు. తోక ముడుచుకుని గొర్రెల మధ్యకు పోయింది.

“ఎవురది?”

“నేనూ గొర్రెలు కాసేటోణ్ణే అన్నా. చలిగా ఉంది, లోపలికి రానియ్యి.”

“నీ మంద యాడుంది?”

ఆ గొంతు మంద సంగతి చెప్పకుండా మెల్లగా అంది. “మా ఆడమనిషి పోయినా, ఇప్పటికీ సంగటి ఇద్దరికి సరిపోను కెలుకుతుండా అన్నా. మిగిలింది పొద్దున కుక్కకు పెడతా.”

నరసింహులు చేతిలో బీడీ ఆరిపోయింది. భార్య శ్రీశైలమ్మ పోయినప్పటి నుంచి అతను చేస్తున్నదీ అదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

టార్చి వేశాడు కానీ, కంప వైపు తిప్పలేక పిల్ల చచ్చిన గొర్రె వైపు తిప్పాడు. అది పిల్ల వీపు మీది తోలు వాసన చూసింది. తర్వాత తోలు కప్పని తల వాసన కూడా చాలాసేపు చూసింది. అయినా పక్కకు జరగలేదు.

నరసింహులు టార్చి ఆర్పి, కంప పక్కకు లాగాడు.

“రా తమ్ముడా” అన్నాడు.

గొంగళిలో ఇంకొకరికి చోటు వదిలి, జరిగి పడుకున్నాడు. అడుగుల చప్పుడు వినిపించలేదు. కాసేపటికి గొంగళి ఆ అంచు మెల్లగా బరువెక్కింది.